పాల మేక కొనడం, ఇంటికి తెచ్చి నిలబెట్టుకోవడం: ఏ పని ముందు, ఏది తర్వాత

నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, ఇంట్లో పాల కోసం రెండు మేకలు కొందామనుకుంటున్నాం, ఏం చూసి కొనాలి, తెచ్చాక ఏం చేయాలి?" ప్రతివారికీ అరగంట చెప్తున్నా ఏదో ఒకటి మర్చిపోతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా.

ఇది సంతలో కొనేవాళ్ల కోసం కాదు. పదో ఇరవయ్యో మేకలు ఇంటి దగ్గరే పెంచుకునే చిన్న పెంపకందారు దగ్గర కొనేవాళ్ల కోసం. సంతలో నిలబెట్టిన మేక తల్లి ఎవరో, ఎన్ని మందలతో కలిసి వచ్చిందో, దానికి టీకాలు పడ్డాయో లేదో తెలీదు. పెంపకందారు దొడ్డిలో అయితే తల్లినీ చూడొచ్చు, అక్కచెల్లెళ్లనూ చూడొచ్చు. నాలుగు డబ్బులు ఎక్కువైనా అక్కడే కొనమని చెప్తాను.

ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తా: రెండు పూటలు మీ కళ్లముందు పాలు పిండి కొలవకుండా పూర్తి డబ్బు చేతికి ఇవ్వొద్దు.

1. ఏ మేక, ఎన్ని మేకలు

ఒక్క మేకను తేవద్దు. ఒంటరి మేక రోజంతా అరుస్తుంది, మేత సరిగా తినదు, పాలు తగ్గిపోతాయి. కనీసం రెండు కావాలి. ఆ రెండూ నాలుగైదు నెలల తేడాతో ఈనేలా చూసుకుంటే ఒకటి వట్టిపోయినప్పుడు ఇంకోటి పాలిస్తుంది.

మన నాటు మేకలు పిల్ల తాగగా మిగిలేది చాలాసార్లు అర లీటరు కూడా ఉండదు. పాలే ముఖ్యం అనుకుంటే ఈ జాతులు, లేదా వాటితో నాటు మేకను దాటించిన సంకరాలు చూడండి.

- జమునాపారి: ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా వైపుది. పొడుగు చెవులు, వంపు ముక్కు. మంచి మేక రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు ఇస్తుంది. తిరిగి ఆకు మేసే అలవాటున్న జాతి కాబట్టి ఇరుకు షెడ్డులో కట్టేస్తే చిక్కిపోతుంది.
- బీటల్: పంజాబ్ జాతి. పాలు ఇంచుమించు అంతే, కట్టేసి మేపినా సర్దుకుంటుంది.
- బార్బరీ: చిన్న శరీరం, నిక్కబొడుచుకున్న చెవులు. లీటరు లోపు ఇచ్చినా తక్కువ మేతతో సరిపెట్టుకుంటుంది, కవలలు ఎక్కువ. పెరట్లో కాస్త చోటు మాత్రమే ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.
- ఉస్మానాబాదీ: మహారాష్ట్ర నుంచి వచ్చిన నల్ల మేక. పాలు ఓ మోస్తరు, మన ఎండలను బాగా తట్టుకుంటుంది.

చెవుల పొడవు చూసి ధర పెట్టేవాళ్లున్నారు. చెవులు పాలివ్వవు, పొదుగు చూడండి.

2. మేక రాకముందే షెడ్డు సిద్ధం కావాలి

మేకను తెచ్చి ఆ తర్వాత షెడ్డు వేద్దాం అనుకునేవాళ్లు వర్షాకాలంలో ఇబ్బంది పడతారు. మేక ఎండను ఓర్చుకుంటుంది, తడిని ఓర్చుకోదు. తడి నేల మీద వారం పడుకుంటే గిట్టలు కుళ్లడం, దగ్గు, పిల్లల్లో రక్త విరేచనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

- పెద్ద మేకకు 10 నుంచి 12 చదరపు అడుగులు, పోతుకు 20, పిల్లకు 4 లేదా 5. బయట తిరగడానికి దీనికి రెట్టింపు స్థలం.
- షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, పక్కన గాలి ఆడాలి.
- చెక్కపలకల మంచె వేస్తే పలకల మధ్య సందు అర అంగుళం చాలు. ఎక్కువైతే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి.
- మేత తొట్టి నేల మీద వద్దు. మేక మెడ ఎత్తు దగ్గర గోడకు కట్టండి. కాలితో తొక్కిన మేతను మేక మళ్లీ ముట్టదు.
- కొత్త మేకల కోసం కనీసం 30 అడుగుల దూరంలో వేరే చోటు. దీని సంగతి 6వ మెట్టులో చెప్తా.

3. బయల్దేరే ముందు ఫోన్లో అడగాల్సినవి

బండి కట్టుకుని వంద కిలోమీటర్లు వెళ్లాక "అరె, ఇది మొన్ననే ఈనింది, అమ్మను" అనిపించుకోవడం ఎందుకు. ముందే అడగండి.

- ఇప్పటికి ఎన్ని ఈతలు? చివరిగా ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు?
- ప్రస్తుతం చూడిదా? అయితే ఏ పోతుతో, ఏ తేదీన దాటింది?
- పూటకు ఎంత పాలు? పిల్లల్ని కట్టేసి పిండితే ఎంత?
- పారుడు రోగం (పీపీఆర్), చిటుక రోగం (ఈటీ) టీకాలు ఎప్పుడు వేశారు? నట్టల మందు, అంటే కడుపులో పురుగులకు పోసే మందు, ఎప్పుడు పోశారు, పేరేంటి?
- గత ఏడాదిలో మందలో ఎన్ని మేకలు ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లను పడేశాయి?

ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. రెండు మూడు మేకలు వరసగా ఈసుకుపోయిన మంద అయితే బ్రూసెల్లోసిస్ అనుమానించాలి, అది మనుషులకూ అంటుకుంటుంది. పశువైద్యుడితో రక్తం తీయించి జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికి పంపిస్తే తెలుస్తుంది. పరీక్షకు ఒప్పుకోని చోట కొనకండి, మేక ఎంత బాగున్నా సరే.

4. దొడ్డిలో చూడాల్సినవి

సాయంత్రం పాలు పిండే వేళకు వెళ్లండి. ఆ రాత్రి అదే ఊళ్లోనో దగ్గర్లోనో ఉండి, తెల్లవారి పాలు కూడా చూసి కొనండి. ఇంత అవసరమా అంటారు. కచ్చితంగా అవసరం. కొనేవాళ్లు వస్తున్నారని తెలిసి ముందు పూట పాలు పిండకుండా వదిలేస్తే ఏ మేక పొదుగైనా నిండుగా కనిపిస్తుంది. సాయంత్రం మీ ముందు పూర్తిగా పిండించి, పొద్దున మళ్లీ కొలిస్తే అసలు లెక్క వస్తుంది.

పొదుగు: పిండిన తర్వాత చెయ్యి పెట్టి చూడండి, అసలు పరీక్ష అదే. మంచి పాల పొదుగు పిండాక మెత్తబడి, ఖాళీ గుడ్డసంచిలా ముడతలు పడి వేళ్లాడుతుంది. పిండినా అదే సైజులో, గట్టిగా, బిగుతుగా ఉంటే అది కండ పొదుగు, పాలు తక్కువ. లోపల గోలీకాయల్లా గడ్డలు తగిలితే ఎప్పుడో పొదుగువాపు వచ్చి పోయిందని అర్థం, ఆ పక్క పాలు ఇక సరిగా రావు. చన్నులు రెండే ఉండాలి, రెండూ సమానంగా, వేళ్లకు పట్టేంత పొడవుండాలి. పక్కన చిన్న అదనపు చన్నులుంటే వదిలేయండి.

మొదటి నాలుగు ధారలు నల్లటి ప్లేటులోనో, ముదురు రంగు గుడ్డ మీదో పిండండి. తెల్లటి ముక్కలు, నీళ్లలాంటి పాలు, రక్తపు చార కనబడితే ఆ మేక వద్దు.

పళ్లు: కింది దవడ ముందు పళ్లే చూడాలి, మేకకు పైన ముందు పళ్లుండవు. అన్నీ చిన్న పాలపళ్లే అయితే ఏడాది లోపుది. రెండు పెద్ద పళ్లు వస్తే ఏడాది దాటింది, నాలుగైతే రెండేళ్లు, ఆరైతే రెండున్నర నుంచి మూడు, ఎనిమిది నిండితే మూడున్నర నుంచి నాలుగేళ్లు. ఇందులో రెండు మూడు నెలలు అటూ ఇటూ ఉంటుంది. పళ్లు సందులు పడి, అరిగి, ఊడిపోయి ఉంటే ముసలిది. మొదటిసారి కొనేవాళ్లకు నాలుగు లేదా ఆరు పళ్లది, రెండో ఈతదో మూడో ఈతదో మంచిది. తొలిచూలు మేక పాలు పిండనివ్వక తన్నుతుంది, అది మీకూ కొత్త, దానికీ కొత్త.

కంటి రెప్ప: బొటనవేలితో కింది రెప్పను మెల్లగా లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా, ముదురు గులాబీగా ఉంటే సరే. తెల్లబారిపోతే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టు. దవడ కింద నీరు దిగి సంచిలా వేళ్లాడితే ఇంకా ముదిరిందన్నమాట.

మిగతావి:
- నడిపించి చూడండి, కుంటుతోందా? గిట్టల మధ్య వాసన చూడండి.
- తోక కింద పేడ అంటుకుని ఉందా? మంచి మేక పెంటికలు విడివిడిగా గుండ్రంగా పడతాయి.
- ముక్కు చీమిడి, దగ్గు, పెదవుల మీద పొక్కులు.
- దవడ కింద, మెడ పక్కన గడ్డలు. చీముగడ్డ పగిలితే మందంతా అంటుకుంటుంది.
- మేత వేసినప్పుడు ముందుకు తోసుకొచ్చేదా, వెనక నిలబడేదా?

5. బేరం, చీటీ

అడ్వాన్స్ ఇవ్వండి, మిగతాది పొద్దున పాలు చూశాక. ఒక తెల్ల కాగితం మీద మేక గుర్తులు, చెవిపోగు నంబరు ఉంటే అది, ఈతలు, దాటిన తేదీ, వేసిన టీకాలు రాయించి సంతకం తీసుకోండి. చిన్న పెంపకందార్లు చాలామంది మంచివాళ్లే, కానీ ఆరు నెలల తర్వాత ఎవరికీ తేదీలు గుర్తుండవు.

పోతునూ మేకలనూ ఒకే దొడ్డిలో కొనకండి. చిన్న మందలో ఆ పోతు చాలావరకు ఆ మేకలకు తండ్రో అన్నో అవుతుంది, పుట్టే పిల్లలు బక్కగా వస్తాయి. ఇంకోటి, కొమ్ముల్లేని మేకను కొమ్ముల్లేని పోతుతో దాటిస్తే పిల్లల్లో కొన్ని ఆడా మగా కాని గొడ్డువి పుడతాయి. పోతుకు పుట్టు కొమ్ములుండేలా చూసుకోండి.

వచ్చేటప్పుడు ఆ మేక తినే దాణా అయిదు కిలోలు, ఎండుమేత ఒక కట్ట కొనుక్కుని రండి. చాలామంది ఇది మర్చిపోతారు.

6. ప్రయాణం, మొదటి 21 రోజులు

మేకలు చనిపోయిన కేసులు నాకు తెలిసినంతలో ఎక్కువ ఈ మూడు వారాల్లోనే.

ఎండ తగ్గాకే బయల్దేరండి. బండిలో గడ్డి పరవండి, కాళ్లు కట్టి పడెయ్యొద్దు. చూడి ముదిరిన మేకను, అంటే చివరి నెలలో ఉన్నదాన్ని అసలు కదిలించొద్దు. దిగగానే అరగంట వదిలేసి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. ఆ తర్వాత ఎండుమేత. మొదటి రోజు దాణా వద్దు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి తెచ్చిన మేక నీరసంగా ఉందని, ప్రయాణంలో అలసిపోయిందని, ఇంట్లో మిగిలిన అన్నం పెద్ద గిన్నెడు పెట్టాం. ఆశగా తింది. తెల్లారేసరికి ఎడమ డొక్క నిండిపోయి, పళ్లు నూరుతూ, నీళ్లలాంటి విరేచనాలతో పడి ఉంది. డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది, అప్పటికే పోయింది. అన్నం, గంజి, మొక్కజొన్న, జొన్నలు లాంటివి అలవాటు లేని మేక ఒక్కసారి ఎక్కువగా తింటే కడుపులో పులిసి ఆమ్లం పెరిగి చంపేస్తుంది. మన ఇళ్లలో పెళ్లిళ్లు, వ్రతాలు అయిన మర్నాడు మేకలు పోయేది ఇందుకే. పక్కింటివాళ్లకు కూడా చెప్పి పెట్టండి, ప్రేమతో తెచ్చి పెడతారు.

మొదటి మూడు వారాల పట్టిక:
- 1 నుంచి 3 రోజులు: వాళ్ల దగ్గర తెచ్చిన మేత, నీళ్లు. వేరే చోట కట్టాలి, పాత మేకలతో కలపొద్దు.
- 4 నుంచి 10 రోజులు: మీ మేతను రోజుకు కొంచెంగా పెంచుతూ పాతది తగ్గించండి.
- ఒక వారం కుదురుకున్నాక: పేడ పరీక్ష చేయించి, అవసరమైతే నట్టల మందు.
- 14వ రోజు దాటాక: మేక ఆరోగ్యంగా ఉంటే, అంతకుముందు వేయని టీకాలు వేయించండి.
- 21 రోజులు దగ్గు, జ్వరం, విరేచనాలు లేకపోతేనే మందలో కలపండి.

ముందు పాత మేకల పని చూసుకుని, కొత్తవాటి దగ్గరికి చివర్లో వెళ్లండి. బక్కెట్లు కూడా వేరు. థర్మామీటరు ఒకటి కొనండి. మేకకు 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే, 104 దాటితే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

7. రోజూ మేపు

మేక గడ్డి జంతువు కాదు, ఆకు జంతువు. సూపర్ నేపియర్ ఒక్కటే కోసి వేస్తూ "పాలు రావట్లేదు" అంటే ఎలా వస్తాయి? 35, 40 కిలోల పాలమేకకు రోజుకు ఇలా చూసుకోండి.

- పచ్చి ఆకు, పచ్చిమేత కలిపి 4 కిలోల దాకా. అవిసె, మునగ, సుబాబుల్, దశరథ గడ్డి, మర్రి, రావి, ఏది దొరికితే అది మార్చి మార్చి. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతుకు మించొద్దు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది.
- వేరుశనగ కట్టె, కంది పొట్టు, శనగ పొట్టు లాంటి ఎండుమేత అర కిలో నుంచి కిలో.
- దాణా ఒంటికోసం పావు కిలో, ఆపైన ప్రతి లీటరు పాలకు 400 గ్రాములు. రెండు పూటలుగా.
- నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. మేక మురికి నీళ్లు తాగదు, తాగకపోతే పాలు ఆ రోజే తగ్గుతాయి.

పది కిలోల దాణాకు: నలిపిన మొక్కజొన్న 4 కిలోలు, తవుడు 3 కిలోలు, వేరుశనగ చెక్క 2.7 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. చెక్కకు బూజు పట్టి ఉంటే పారేయండి. ఆ బూజు విషం పాలలోకి కూడా వస్తుంది.

లేత జొన్న, ముఖ్యంగా వాన లేక వాడిన చేను, మోడు నుంచి మళ్లీ చిగురించిన పిలకలు మేపొద్దు. నాము కడితే, అంటే ఆ లేత జొన్నలోని సైనైడ్ విషం ఎక్కితే, గంటలోపే ప్రాణం పోతుంది. తొలకరిలో మంచు తడి ఆరని లేత పచ్చికకు ఖాళీ కడుపుతో తోలొద్దు, ముందు ఎండుమేత పెట్టి తోలండి.

ఉబ్బరం వస్తే, అంటే ఎడమ డొక్క డప్పులా మోగితే, 100 మిల్లీలీటర్ల వంటనూనె నెమ్మదిగా తాగించి నడిపించండి, డాక్టరును పిలవండి. తాగించేటప్పుడు తల బాగా పైకెత్తి, నాలుక లాగి పట్టుకుంటే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి నేలకు సమానంగా ఉంచి, నోటి పక్క సందు నుంచి కొంచెం కొంచెంగా పొయ్యండి.

8. పాలు పిండడం

రోజూ ఒకే వేళ, ఒకే మనిషి, ఒకే చోట. కొంచెం దాణా ముందు పెట్టండి. పొదుగు తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టి, మొదటి ధారలు వేరే గిన్నెలో పిండి చూసి, అప్పుడు పాత్రలోకి. బొటనవేలు మడిచి చన్నును లాగే అలవాటు మానండి. పైన బొటనవేలు, చూపుడువేలితో బిగించి, మిగతా వేళ్లు వరసగా మూస్తూ పిండాలి. లాగితే లోపల గాయమై పొదుగువాపు వస్తుంది.

పిండాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పడుకోకుండా మేత వేయండి. చన్ను రంధ్రం అప్పటికి మూసుకుంటుంది.

పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా ఉంటే అదే రోజు చికిత్స మొదలవ్వాలి. చల్లబడి నీలంగా మారుతోందంటే గంటల్లో పని, ఆ మేక ప్రాణం ప్రమాదంలో ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, నంబరు షెడ్డు గోడ మీద రాసి పెట్టుకోండి.

పాలు వాసన వస్తున్నాయా? మేక పాలు వాసన రావు, మన పద్ధతిలోనే తేడా ఉంటుంది. పోతును పాల మేకలకు దూరంగా కట్టండి, స్టీలు పాత్రే వాడండి, పిండిన వెంటనే వడకట్టి కాచండి. పచ్చిపాలు తాగొద్దు. యాంటీబయాటిక్ వేయించినప్పుడు ఎన్ని రోజులు పాలు వాడకూడదో డాక్టరును అడిగి అన్ని రోజులూ పారబోయండి.

9. టీకాలు, నట్టలు, గిట్టలు

- పారుడు రోగం: పిల్లలకు మూడు నాలుగు నెలలకు, తర్వాత మూడేళ్లకోసారి.
- చిటుక రోగం: ఏటా తొలకరికి ముందు. మొదటిసారి వేస్తే రెండు మూడు వారాలకు బూస్టరు.
- గొంతువాపు ఏటా వానలకు ముందు, గాలికుంటు ఆరు నెలలకోసారి. మీ పశువైద్యశాలలో క్యాలెండరు అడగండి.

నట్టల మందు నెలనెలా పోసేస్తుంటారు, అలా పోస్తే మందుకు నట్టలు మొండికేస్తాయి. రెప్ప రంగు చూసి, పేడ పరీక్ష చేయించి, అవసరమైనవాటికే పొయ్యండి. చూడి కట్టిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ ఇవ్వొద్దు, పిల్లలు అవకరంగా పుట్టే ప్రమాదముంది.

మందు డోసుకు బరువు కావాలి, కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి తుంటి చివరిదాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో గుణించి 660తో భాగించండి. 30 అంగుళాల చుట్టు, 26 అంగుళాల పొడవుంటే సుమారు 35 కిలోలు.

కట్టేసి మేపే మేకలకు రెండు నెలలకోసారి గిట్టలు కత్తిరించాలి. మొక్కలు కత్తిరించే కత్తెర సరిపోతుంది.

10. ఎద, చూడి, ఈత

తోక టపటపా ఆడిస్తూ, ఊరికే అరుస్తూ, మేత తగ్గించిందంటే ఎదకొచ్చినట్టు. పొద్దున చూస్తే సాయంత్రం దాటించండి. కట్టకపోతే 18 నుంచి 21 రోజుల్లో మళ్లీ వస్తుంది. చూడి కట్టిన తేదీ రాసుకోండి, ఈత 150 రోజులకు అటూ ఇటూ. ఈతకు రెండు నెలల ముందు పాలు పిండడం మానేసి ఒట్టిపోనివ్వాలి. ఇంకో నెల పాలు వస్తాయని పిండుతూ పోతే పిల్ల బక్కగా పుడుతుంది, తర్వాతి ఈత పాలూ పోతాయి.

ఈనేటప్పుడు ముందు రెండు గిట్టలు, వాటి మీద ముట్టె కనిపించడం సరైన పద్ధతి. బాగా ముక్కుతూ అరగంట, ముప్పావుగంట దాటినా ఏమీ కనిపించకపోతే డాక్టరును పిలవండి. మాయ 12 గంటలకూ పడకపోతే కూడా అంతే, చేత్తో మాత్రం లాగొద్దు.

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. మొదటి గంటలోపు జున్నుపాలు తాగాల్సిందే. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం పావు లీటరు, మూడు నాలుగు సార్లుగా. మాయ పడేదాకా ఆగి తాగిస్తామనే పాత అలవాటు చాలా పిల్లల్ని చంపింది, దయచేసి ఆగొద్దు.

నాలుగు వారాలు నిండాక పిల్లల్ని రాత్రి గంప కింద కమ్మి, పొద్దున మీరు పిండుకుని, తర్వాత పగలంతా తల్లి దగ్గర వదిలేయండి. మీకూ పాలు, వాటికీ పాలు. రెండో వారం నుంచే లేత ఆకు కట్ట అందేలా వేలాడదీస్తే మెల్లగా కొరకడం నేర్చుకుంటాయి, మూడో నెలకు పాలు మాన్పించొచ్చు. గంప కింద నేల మాత్రం రోజూ మార్చండి, తడి గడ్డి తీసేసి పొడి గడ్డి వేయండి.